ముప్పై ఆరో బూటు

ఒక్కనాడూ టేపు పట్టని మనిషికి ఊరంతా కలిసి టేపు అని పేరు పెట్టింది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ పేరులో నిజం అంత. ఆయన మాత్రం ఆ పేరుతో పిలిపించుకోవడానికి వీధి చివరిదాకా నడిచి వెళ్లే రకం. ఇరవై ఆరేళ్లుగా ఫుట్‌బాల్ మైదానం ఆయన చేతిలోనే ఉంది. గోల్ గీత మీద మడమ ఆనించి, ఒక బూటు మొనకి ఇంకో బూటు మడమ తగిలిస్తూ ముప్పై ఆరు లెక్కపెట్టి ఆగితే, అక్కడ పెనాల్టీ చుక్క పడాలి. ఎవరో పందెం కాసి ఒకసారి నిజం టేపుతో కొలిస్తే వెంట్రుకవాసి తేడా రాలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకి ఒకసారి, అడగనివాళ్లకి రెండుసార్లు చెప్పాడు.

ఆ శనివారం తెల్లవారేసరికి వాన వెలిసింది గానీ చూరు ఇంకా కారుతోంది. భార్య గుమ్మం దగ్గర కొత్త రబ్బరు బూట్లు పెట్టి, పాతవాటిని తలుపు వెనక్కి తోసేసింది.

"ఆ చిల్లుల బూట్లు ఇవాళ కూడా వేసుకెళ్తారా? టీవీవాళ్లు వస్తారంట. కాస్త మనిషిలా కనపడండి."

"వాళ్లు ఆట చూపిస్తారే, నా కాళ్లు కాదు."

"ఒక సైజు పెద్దవి తెచ్చాను. లోపల ఉన్ని మేజోళ్లు వేసుకోండి. మొన్నటి దగ్గు మళ్లీ పట్టుకుంటే చాకిరీ చేసేది నేనే."

ఆయన వేసుకున్నాడు. వెచ్చగా, పొడిగా ఉన్నాయి. ఆ మాట పైకి అంటే ఆవిడని పట్టలేమని, అనకుండానే బయల్దేరాడు.

అది అల్లాటప్పా మ్యాచ్ కాదు. జాతీయ కప్పు. గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి. మధ్యలో మాట లేదు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు ఆడుకునే ఈ ఊరి జట్టు ఆ సీజన్లో నాలుగు జట్లని వరసగా ఇంటికి పంపింది. ఐదో రౌండులో ఎవరితో ఎవరో తేల్చడానికి గాజు గిన్నెలోంచి అంకెల బంతులు తీస్తే, దేశంలోకెల్లా పెద్ద క్లబ్బు వీళ్ల మైదానానికి వచ్చి ఆడాలని పడింది. ఆ రోజు నుంచీ ఊళ్లో ఎవరి కాళ్లూ నేల మీద లేవు. కూరగాయలు బేరమాడేవాళ్లు కూడా బేరం మధ్యలో ఆపి కప్పు గురించి మాట్లాడుకున్నారు.

మైదానానికి వెళ్లి చూస్తే రోడ్డు వైపు గోల్ ముందు మడుగు కట్టింది. అవతలి గోల్ దగ్గర చుక్క నిక్షేపంలా ఉంది, ఇక్కడిది కొట్టుకుపోయింది. ఇనుప ముళ్ల పారతో నేలలో బొక్కలు పొడిచి నీళ్లు దించాడు. రంపపు పొట్టు చల్లి తొక్కాడు, మళ్లీ చల్లాడు. గీతల మూలలకి ఎప్పుడో భూమిలో దింపిన మేకులున్నాయి. వాటికి పురికోస కట్టి సున్నం బండి తోస్తే సరిపోతుంది. చుక్కకి మేకు లేదు. చుక్కకి ఆయనే మేకు.

క్లబ్బు సెక్రటరీ గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. మందుల షాపు నడిపే మనిషి, ఎంత కంగారులోనైనా మర్యాద తప్పడు. "పెద్దాయనా, కెమెరాలవాళ్లు వచ్చేశారు. ఆఫీసులో టేపుంది, తెప్పించమంటారా?"

"నేనుండగా ఇంకో టేపెందుకండీ?"

సెక్రటరీ నవ్వాడు. పక్కన నుంచున్న కెప్టెన్ కూడా నవ్వాడు. కెప్టెన్ ఊళ్లో పోస్టుమ్యాన్. ముప్పై దాటినవాడు, పొద్దున్నంతా ఉత్తరాలు పంచి ఆ కాళ్లతోనే సాయంత్రం ఆడేవాడు. మ్యాచ్ ఉన్న రోజున నేల పదును చూసుకోవడానికి ముందే వచ్చి ఒక చుట్టు తిరగడం అలవాటు.

"ఏంటి బాబాయ్, కొత్త బూట్లా? పెళ్లికొడుకులా మెరిసిపోతున్నావ్."

"మీ పిన్ని గోల. నువ్వు అటు జరుగు, లెక్క తప్పుతుంది."

మడమ ఆనించాడు. ఒకటి, రెండు, మూడు. ముప్పై ఆరో బూటు మొన దగ్గర వేలితో నేలని గుచ్చి, డబ్బాలోంచి సున్నం పోసి, గుండ్రంగా దిద్దాడు. తర్వాత రిఫరీ వచ్చి వలలు లాగి చూసి, గీతల వెంట నడిచి, చుక్క పక్కనుంచే వెళ్లి, బాగుందన్నట్టు తలూపాడు. ఆ తలూపు ఆయనకి పతకంలా తగిలింది.

మధ్యాహ్నం మ్యాచ్ ఎనభై తొమ్మిది నిమిషాలపాటు ఎవరూ నమ్మలేనట్టు నడిచింది. చెరో గోల్. పెద్ద క్లబ్బు ఆటగాళ్ల తెల్ల నిక్కర్లకి బురద తప్ప ఇంకేం దక్కలేదు. చివరి నిమిషంలో రోడ్డు వైపు గోల్ ముందు వాళ్ల మనిషి కాలడ్డం పెట్టి మనవాణ్ణి పడేశాడు. రిఫరీ చుక్క చూపించాడు.

బంతి పోస్టుమ్యాన్ తీసుకున్నాడు. ఆ మైదానంలో అతను పదకొండు పెనాల్టీలు కొట్టాడు. పదకొండూ పైకర్రకి జానెడు కిందుగా, కుడి మూలకే. గొంతుక్కూర్చుని బంతి పెట్టి, తలెత్తి గోల్ వైపు చూశాడు. ఎందుకో ఓ క్షణం ఎక్కువే చూశాడు. సున్నం డబ్బా పట్టుకుని గీత బయట నుంచున్న టేపు వైపు కూడా ఓసారి చూశాడు. టేపు తలూపి ధైర్యం చెప్పాడు.

కొట్టాడు. బంతి పైకర్రకి తగిలింది. ఆ చప్పుడు ఖాళీ బిందె మెట్ల మీద పడ్డట్టు ఊరంతా వినపడింది. తిరిగొచ్చిన బంతిని పెద్ద క్లబ్బువాడు తన్నుకుపోయాడు. అందరూ ఇటే ఉన్నారు, అటు కాచేవాళ్లు లేరు. గోల్. కప్పు అక్కడితో సరి.

ఆదివారం పొద్దున మైదానంలో ఆయనొక్కడే. కొత్త బూట్లు తడిసి ఇంట్లో ఆరుతున్నాయి. తలుపు వెనక నుంచి పాతవి లాక్కుని వచ్చాడు. లేచిపోయిన గడ్డి పెళ్లలు కాలితో అదుముతూ రోడ్డు వైపు గోల్ దాకా వచ్చి, చుక్క చెదిరిందేమో సరిదిద్దుదామని అలవాటుగా మడమ ఆనించాడు. ముప్పై ఆరు దగ్గర ఆగి కిందికి చూస్తే బూటు ముందు సున్నం లేదు. ఇంకా మూరెడు అవతల ఉంది.

లెక్క తప్పానేమో అనుకున్నాడు. మళ్లీ గీత దగ్గరికి పోయి ఈసారి పైకి లెక్కపెడుతూ వచ్చాడు. అదే మూరెడు. అవతలి గోల్‌కి నడిచి అక్కడా వేశాడు. ముప్పై ఆరో బూటు మొన చుక్క మధ్యలో పడింది.

ఇంటికెళ్లి, పొయ్యి పక్కన ఉన్న కొత్త బూటుని తీసి పాతదాని అట్టకి అట్ట ఆనించి చూశాడు. అరంగుళం. చూడ్డానికి ఏమీ లేదు, గోరంత. ముప్పై ఆరు అరంగుళాలు వరసగా పేరిస్తే మూర. ఇంత లెక్క చిన్నపిల్లలు కూడా చేస్తారు.

"ఇంకా తడిగానే ఉన్నాయి, అప్పుడే వేసుకోకండి," అంది భార్య వెనకనుంచి. "బాగున్నాయి కదూ? ఒక్క మాటైనా అనలేదు మీరు."

"బాగున్నాయే," అన్నాడు. ఆవిడ మొహం వెలిగింది. ఆ వెలుగు చూడలేక బయటికొచ్చేశాడు.

పైకర్రకి జానెడు కిందికి వెళ్లాల్సిన బంతి, లేస్తూ వెళ్లే బంతి, మూరెడు ఎక్కువ దూరం వెళ్తే ఎంత పైకి లేస్తుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పోస్టుమ్యాన్ ఎప్పటిలాగే కొట్టాడు. ఎప్పటిలాగా లేనిది చుక్క.

ఆ తర్వాత చేసిన పనిని ఆయన ఆలోచించి చేయలేదు, చేతులు చేసుకుపోయాయి. గడ్డి కోసే పదును పార తీసుకుని చుక్క చుట్టూ నలుచదరంగా కోశాడు. పెళ్లని లేపి, సున్నం వైపు లోపలికి మడిచి, చెత్తగుట్ట కింద పడేశాడు. మూల నుంచి కొత్త పెళ్ల తెచ్చి అతికించి, అంచులు బొటనవేలితో నొక్కి, నీళ్లు చల్లాడు. పాత బూట్లతో మళ్లీ కొలిచి సరైన చోట కొత్త చుక్క పెట్టాడు. మంచి పనివాడు కాబట్టి అతుకు కనపడలేదు. తన పని అంత బాగా కుదిరినందుకు ఆయన అంతగా సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

సోమవారం బేకరీ దగ్గర జనం మూగి ఉన్నారు. బేకరీ ఆయన క్లబ్బు కమిటీలో మెంబరు కూడా. రొట్టెలతోపాటు తీర్పులు కూడా అక్కడే ఇస్తుంటాడు.

"పదకొండు కొట్టినవాడు పన్నెండోది కర్రకి కొడతాడా? అదీ అంత పెద్ద క్లబ్బు వచ్చినప్పుడే కొడతాడా? నాకేం తెలీదు బాబూ, ఊళ్లో అనుకుంటున్నారు."

"అమ్ముడుపోయాడంటావా?"

"నేనెందుకంటాను? ఊళ్లో అనుకుంటున్నారు అంటున్నా."

ఊరంటే ఆ మూలన నుంచున్న ఐదుగురే. టేపు రొట్టె తీసుకుని తల దించుకున్నాడు. తనని ఎవరూ ఏమీ అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతికి సున్నం అంటిందేమోనని రెండుసార్లు చూసుకున్నాడు.

అప్పుడే పోస్టుమ్యాన్ సైకిలు దిగాడు. మాటలు ఆగిపోయాయి. అతను సంచీలోంచి బేకరీ ఉత్తరాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ అందుకోలేదు. వెళ్తుంటే వెనకనుంచి ఎవరో, "పెట్టెలోనైనా సరిగ్గా వెయ్యి బాబూ, పైకర్రకి తగిలేను," అన్నారు. నవ్వారు. టేపు నవ్వలేదు, నవ్వకపోవడమే తన గొప్పతనమని ఒక్క క్షణం అనిపించి, ఆ క్షణానికి తర్వాత సిగ్గుతో చచ్చిపోయాడు.

మంగళవారం పొద్దున పోస్టుమ్యాన్ టేపు వాళ్ల గుమ్మం ముందు సైకిలు ఆపాడు. చేతిలో కరెంటు బిల్లుతోపాటు ఓ కార్డుల కట్ట ఉంది.

"అవన్నీ ఎవరికి నాయనా?" అంది భార్య.

"నాకే పిన్నీ. రెండురోజుల నుంచీ వస్తున్నాయి. పేరు రాయట్లేదు, 'కర్రకి కొట్టినవాడికి' అని రాస్తున్నారు. అడ్రసు లేకపోయినా కరెక్టుగా నాకే చేరుతున్నాయి. నేనే ముద్ర వేసుకుని, నేనే తెచ్చుకోవాలి."

నవ్వుతూనే చెప్పాడు. భార్య చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వాళ్ల చేతులు పడిపోను. ఏవండీ, మీరైనా చెప్పండి ఆ కమిటీవాళ్లకి. మీ మాటంటే వింటారు."

టేపు కరెంటు బిల్లు అందుకున్నాడు. చెప్పాలి. ఇప్పుడే, ఈ గుమ్మంలో చెప్పెయ్యాలి. కానీ ఆవిడ పక్కనే ఉంది, ఆ బూట్లు ఆవిడ వెనకే ఉన్నాయి, మెరుస్తూ. పోస్టుమ్యాన్ వాటి వైపు చూసినట్టే అనిపించింది.

"రేపు సాయంత్రం కమిటీ కూచుంటోంది బాబాయ్," అన్నాడు అతను సైకిలెక్కుతూ. "కెప్టెన్సీ తీసేస్తారంట. మాట వస్తోంది కదా, సీజన్ అయ్యేదాకా జట్టులో కూడా వద్దంటున్నారట. ముప్పై రెండు నాకు. వచ్చే సీజన్‌కి ఎవరు పిలుస్తారు?"

అతను వెళ్లిపోయాక ఆయన చాలాసేపు గేటు పట్టుకుని నుంచున్నాడు. తేలు కుట్టిన దొంగ అరవకుండా ఎలా ఉంటాడో ఆయనకి ఆ రోజు అర్థమైంది.

బుధవారం ఆరింటికి రెండు జతల బూట్లూ సంచీలో వేసుకుని క్లబ్బు మేడ మెట్లెక్కాడు. కింద మొదటి మెట్టు మీద పోస్టుమ్యాన్ కూచుని ఉన్నాడు, పిలుపు కోసం. జరిగి దారిచ్చాడు.

పైన పొడుగుబల్ల చుట్టూ ఏడుగురు. బల్ల మధ్యలో కెప్టెన్ చేతికి కట్టుకునే పసుప్పచ్చ పట్టీ మడతపెట్టి ఉంది. సెక్రటరీ లేచి కుర్చీ చూపించాడు. "రండి పెద్దాయనా, కూర్చోండి. ఏంటి విశేషం?"

ఆయన కూచోలేదు. బూట్లు తీసి బల్ల మీద పెట్టబోయి, బల్ల మీద బూట్లేంటని మళ్లీ నేల మీద పెట్టాడు. అట్టలు ఆనించి చూపించాడు. అరంగుళం, ముప్పై ఆరు, మూర. ఆగకుండా చెప్పుకుపోయాడు. "ఆ అబ్బాయి తప్పేం లేదండీ. చుక్క తప్పు. చుక్క నాది."

బేకరీ ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "మంచితనమంటే ఇది. ఆ కుర్రాణ్ణి కాపాడ్డానికి ఇరవై ఆరేళ్ల పేరు పణంగా పెడుతున్నాడు చూడండి."

"మంచితనం కాదయ్యా, నిజం."

"రిఫరీ చూశాడు కదండీ," అన్నాడు సెక్రటరీ నెమ్మదిగా. "బాగుందని రాసి సంతకం కూడా పెట్టాడు. మీ లెక్క తప్పడమేంటి? సరే, మన తృప్తి కోసం, రండి, వెళ్లి కొలుద్దాం. చుక్క ఉందిగా?"

ఆ ఏడుగురూ ప్రేమగా ఆయనవైపే చూస్తున్నారు.

"లేదండీ. గడ్డి లేచిపోతే... కొత్త పెళ్ల వేశాను. పాత చుక్క పోయింది."

సెక్రటరీ మిగతావాళ్ల వైపు చూసి చిన్నగా నవ్వాడు. అందులో వెక్కిరింత లేదు. "మీరు ఇంటికెళ్లి పడుకోండి. మీరు ఇలా వచ్చి చెప్పడమే మాకు చాలు. కానీ ఆటగాడు కర్రకి కొడితే నేలనంటే ఏం బాగుంటుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నారని నవ్వుతారు."

లేచి వచ్చి భుజం తట్టాడు. బేకరీ ఆయనా తట్టాడు. మిగతావాళ్లు కూడా. ఆ చేతులన్నీ మంచి చేతులే. ఒక్కొక్కటీ తగులుతుంటే ఆయన ఇంకాస్త కుంగిపోయాడు. సంచీ తీసుకుని ఎలా దిగాడో తెలీదు.

కింద పోస్టుమ్యాన్ లేవకుండానే అడిగాడు. "నమ్మలేదా?"

"నీకెలా తెలుసు?"

"తలుపు తెరిచే ఉంది బాబాయ్. వినపడింది." కొంచెం ఆగాడు. "అయినా నాకు శనివారమే తెలుసు."

టేపు మెట్టు మీద అలాగే ఆగిపోయాడు.

"గోల్ వెనక గోడ మీద మైకుంది కదా. నేను గొంతుక్కూర్చుని బంతి పెడితే పైకర్ర ఆ మైకు అంచుని కప్పేస్తుంది. ఈ వైపు కొట్టినప్పుడల్లా అంతే. ఆ రోజు మైకు మొత్తం కనపడింది. అనుమానమొచ్చి నీ బూట్లు చూశాను."

"మరి రిఫరీకి చెప్పొచ్చు కదరా."

"చెప్తే ఏం చేస్తాడు? టేపు తెమ్మంటాడు. అంతమంది ముందు, టీవీలో, నీ ముందు. నీ మొహం ఎలా అయిపోతుందో అనిపించింది. మూరెడే కదా, కాస్త కిందికి కొడదాంలే అనుకున్నా. తీరా పరిగెత్తాక కాలు తన అలవాటు ప్రకారమే కొట్టింది. సగం తప్పు నాదే. అందుకే మాట్లాడలేదు."

మూడు రోజులుగా అతను ఆ కార్డులకి ముద్రలు వేసుకుంటూ తిరిగింది ఇది తెలిసే.

"చుక్క తప్పడం సరే బాబాయ్," అన్నాడు పోస్టుమ్యాన్, ఆయన వైపు కాకుండా మైదానం వైపు చూస్తూ. "కొత్త బూట్లు, వాన, కంగారు. ఎవరికైనా తప్పుతుంది. మరి ఆ పెళ్లెందుకు తవ్వావు? గడ్డి లేవలేదక్కడ. ఆఖర్న అక్కడ నుంచున్నది నేను. నాకు తెలుసు."

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. జవాబు ఒక్కటే, అది చెప్పాల్సింది ఇక్కడ కాదు, పైన.

టేపు సంచీని మెట్టు మీద పెట్టాడు. మళ్లీ పైకి ఎక్కాడు. జీవితమంతా అడుగులు లెక్కపెట్టిన మనిషి ఆ మెట్లు ఎన్నో చూసుకోలేదు.

లోపల సెక్రటరీ రిజిస్టరులో రాయబోతున్నాడు. "ఏమైనా మర్చిపోయారా పెద్దాయనా?"

"మర్చిపోలేదండీ, దాచాను. గడ్డి లేచిపోలేదు. నేనే తవ్వేశాను. ఆదివారం పొద్దున కొలిచి చూసుకుని, తప్పని తెలిశాక, ఎవరి కంటా పడకూడదని తవ్వేశాను. ఆ పెళ్ల చెత్తగుట్ట కింద ఉంది, సున్నం ఉంది దాని మీద. సోమవారం బేకరీ దగ్గర ఆ అబ్బాయిని అమ్ముడుపోయాడంటుంటే పక్కనే ఉన్నాను. రొట్టె తీసుకుని ఇంటికెళ్లాను. మంగళవారం నా గుమ్మంలో నుంచుని ఆ కార్డులు చూపించాడు. అప్పుడూ చెప్పలేదు."

ఈసారి మంచితనం అన్న మాట ఎవరి నోటా రాలేదు. బేకరీ ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. సెక్రటరీ పెన్ను మూత పెట్టి చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు.

"నాలుగు రోజులు," అన్నాడు చివరికి. "నాలుగు రోజులు చూస్తూ ఎలా ఊరుకున్నావయ్యా?"

నమ్మారు. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి అలా అడిగేసరికి, ఈసారి నమ్మారని ఆయనకి తెలిసింది.

సెక్రటరీ బల్ల మీది పట్టీని తీసి, మడత విప్పి, తలుపు వైపు పెట్టాడు. "అతన్ని రమ్మను."

టేపు మెట్ల మీదికి వచ్చి, "పిలుస్తున్నారు," అన్నాడు. పోస్టుమ్యాన్ లేచి ప్యాంటు దులుపుకుని పైకి వచ్చాడు. మెట్లు ఇరుకు. ఆయన గోడకి ఒదిగి, అతను వెళ్లేదాకా తల దించుకుని నుంచున్నాడు.